సుఖడీలో క్యారెట్

మా అమ్మాయిని కొత్త ఉద్యోగంలో చేరేముందు రక్తపరీక్ష చేయించుకోమన్నారట. మొన్న ఆ రిపోర్టు నాకు ఫోన్లో పంపింది. అన్నీ ఉండాల్సినంతే ఉన్నాయి. హిమోగ్లోబిన్ ఎదురుగా ఉన్న అంకెను మాత్రం మూడుసార్లు చూసుకున్నాను. చూసి అర్థం చేసుకోవడానికి నేనేం డాక్టరుని కాను. కానీ సూరత్‌లో ఉన్నప్పుడు ఆ ఒక్క అంకె పెరగడం కోసం ఎన్ని దేవుళ్లకు మొక్కానో నాకే తెలుసు. ఫోను పక్కన పెట్టి హాయిగా ఊపిరి పీల్చుకోగానే, ముంజేతులనిండా తళుకులు అంటించుకుని మా వంటింటి గుమ్మంలో చీరకొంగు బిగించే ఒక మనిషి గుర్తొచ్చింది.

ఆమె మాకు వంట చేసిపెట్టేది. వాళ్లది సిరిసిల్ల దగ్గర ఏదో పల్లె. భర్తకు మగ్గాల కార్ఖానాలో పని, సూరత్ శివారు డిండోలిలో కాపురం. పొద్దున్నే ఇంట్లో కూర్చుని చీరలకు తళుకులు అతికించే పని కాస్త చూసుకుని, పదింటికి మా ఇంటికి వచ్చేది. ఎంత కడుక్కున్నా నాలుగు తళుకులు చేతులకు ఉండిపోయేవి. ఆమె పిండి కలుపుతుంటే మా అమ్మాయి పక్కన నిలబడి వాటిని ఒక్కొక్కటీ గోటితో ఊడదీసి తన నుదుట అంటించుకునేది. నాకన్నా పదేళ్లు పెద్దదైనా ఆమె నన్ను అక్కా అని పిలిచేది. నేనూ ఆమెను అక్కా అనేదాన్ని. ఇద్దరిలో చెల్లెలెవరో తేలకుండానే నాలుగేళ్లు గడిచిపోయాయి. మా అమ్మాయి మాత్రం ఆ ఊరి అలవాటున మాసీ, అంటే పిన్నీ, అనేది. ఆమె సూరత్‌కు ఎప్పుడొచ్చిందో, ఊళ్లో ఎవరున్నారో నేను అడిగిందే లేదు. మా ఆయనకు బ్యాంకులో బదిలీ కాగానే సామాను సర్దుకుని వచ్చేశాం. అడిగి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తోంది.

అప్పుడు మా అమ్మాయికి ఐదేళ్లు. కూరగాయ ఏ వేషంలో వచ్చినా పట్టుకునేది. ఉప్మాలో బీన్స్ ముక్కలు ఏరి కంచం అంచున వరుసగా పేర్చేది. పప్పులో చిన్న ఆకు తగిలినా నోట్లో ముద్ద అక్కడికక్కడే ఉమ్మేసేది. పాలు, బిస్కెట్లు, పెరుగన్నం, అప్పడంలా కరకరలాడే ఖాఖ్రా రొట్టెలు, ఇవీ దాని తిండి. పిల్ల తెల్లగా పాలిపోయింది. మెట్లు ఎక్కితే ఆయాసపడేది. మందు పట్టిస్తే పది నిమిషాల్లో కక్కేసేది. డాక్టరు రెండుసార్లు రక్తం తీయించి చూసి, దీపావళి వరకు చూద్దామన్నాడు. అప్పటికీ పెరక్కపోతే ఆసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించాలన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

నాకసలే ఓపిక తక్కువ. బతిమాలాను, బెదిరించాను, ఒకరోజు చెయ్యి కూడా చేసుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, చేసినమాట నిజం. పిల్ల వెక్కిళ్లు పెడుతుంటే ఆమె వంటింట్లోంచి వచ్చి నా చేతిలో చెంచా తీసుకుంది.

"అక్కా, నువ్వు జర అవతలికి వో. పోరి నిన్ను జూసే బెదురుతున్నది."

తర్వాత నాకు టీ ఇస్తూ అంది: "మా చిన్నప్పుడు మేం కూర లేదని ఏడ్చేటోళ్లం. నీ బిడ్డ కూర ఉన్నదని ఏడుస్తున్నది. ఏం జేద్దాం, ఎవ్వల ఏడుపు వాళ్లది."

ఆ ఆదివారం పిల్లను డుమస్ సముద్రతీరానికి తీసుకెళ్లాం. అక్కడ రోడ్డు పక్కన బండ్ల మీద టమాటా భజియాలు వేస్తారు. టమాటా చక్రాన్ని శనగపిండిలో ముంచి వేయించే మన బజ్జీలాంటిదే. మా అమ్మాయి ఒకటి తీసుకుని, దాన్ని విప్పి, లోపలి టమాటా తీసి ఇసుకలో పారేసి, పైనున్న పిండి పొర మాత్రం తినేసింది. మర్నాడు ఇది చెప్పి నెత్తి కొట్టుకున్నాను. ఆమె చేస్తున్న పని ఆపి, ఏదో మంచి కబురు విన్నట్టు నా వైపు తిరిగింది.

"లోపటిది పారేసి మీది పొర దిన్నదా?"

"అవును."

"గట్లయితె మనం కూరను ఆ పొరల్నే ఏద్దాం."

అలా మొదలైంది. సొరకాయ తురిమి, నీళ్లు పిండి, మెత్తగా రుబ్బి శనగపిండిలో కలిపింది. బజ్జీ లోపల పెట్టడానికి మాత్రం చిన్న పనీరు ముక్క. పిల్ల విప్పి చూసింది. తెల్లటి పనీరు చూసి అనుమానం తీరి మొత్తం తినేసింది. నేను తలుపు వెనక నిలబడి చూస్తున్నాను.

ఇక ఆమెకు అదో పట్టుదల అయింది. పూర్ణం భక్ష్యాల్లో గుమ్మడికాయ, బియ్యప్పిండితో తట్టే సర్వపిండిలో సొరకాయ, రొట్టెలో నెయ్యి, బెల్లం వేసి నలిపే మలీదలో బీట్‌రూట్. కంటికి కనపడొద్దు, పంటికి తగలొద్దు అనేది. చేసిన ప్రతిదాన్నీ మా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు ఎత్తి చూసేది, కార్ఖానాలో గుడ్డలో తప్పు పోగు ఉందేమోనని చూస్తారే, అలాగ. ఒక్క తురుము కనబడినా ఆ ముక్క తన నోట్లో వేసుకునేది. పిల్లను తినమని మాత్రం ఎన్నడూ అనలేదు. తనకోసం వండుకున్నట్టు గిన్నె ఒళ్లో పెట్టుకుని నేలమీద కూర్చునేది. పిల్ల దగ్గరికొస్తే, "గివి నా ఇంటికి బిడ్డ. నీకెందుకు, నువ్వు బిస్కెట్ దిను" అని గిన్నె కొంగుతో కప్పేది. పిల్ల కొంగు లాగేది. అంతే, ఇక చూడాల్సిన పని లేదు.

మా అమ్మాయి ఊరికే తినే రకం కాదు. "మాసీ, ఇందులో ఏముంది?" అని అడిగేది. ఆమె వేళ్లు మడిచి చెప్పేది, పిండి, నెయ్యి, బెల్లం. అక్కడితో ఆపేది. కూర లేదు అని మాత్రం ఎప్పుడూ అనలేదు. పిల్ల అటు వెళ్లాక నేను నవ్వితే, "నేనేం అబద్ధం చెప్పలే అక్కా. జర తక్కువ చెప్పిన" అనేది. ఆ తేడా ఆమెకు చాలా ముఖ్యమని నాకప్పుడు తెలియదు. గడుసుదనం అనుకున్నాను.

వానాకాలం మొదట్లో మళ్లీ రక్తం తీయిస్తే అంకె కాస్త పెరిగింది. ఇలాగే కానివ్వండి అన్నాడు డాక్టరు. నేను ఆ కాగితం తెచ్చి ఆమెకు చూపించాను. ఆమెకు చదవడం రాదు. కాగితాన్ని కూడా కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, "మంచిగనే ఉన్నది" అంది.

మా ఎదురింట్లో ఒక జైనుల పెద్దావిడ ఉండేది. అక్కడ నాయనమ్మను, అమ్మమ్మను బా అంటారు. బిల్డింగ్ మొత్తానికీ ఆవిడ బాయే. జైనులు నేలలో ఊరే దుంపలు తినరు. వాటిని పీకితే వాటిని అంటిపెట్టుకున్న ప్రాణులెన్నో పోతాయని వాళ్ల నమ్మకం. ఉల్లి, బంగాళాదుంప వండే వంటిల్లని బా మా ఇంట ఏదీ ముట్టేది కాదు. కానీ మా అమ్మాయంటే ఆవిడకు ప్రాణం. రోజూ బడినుంచి రాగానే పిల్ల సంచీ మా ఇంట్లో పడేసి అటే వెళ్లేది.

భాద్రపదంలో వాళ్లకు పర్యుషణ్ వస్తుంది. ఎనిమిది రోజుల వ్రతం. ఆ రోజుల్లో దుంపలే కాదు, ఆకుకూరలు, కాయగూరలు ఏవీ తినరు. బా అయితే రోజుకు ఒక్కపూటే, మధ్యాహ్నం, ఒకచోట కూర్చుని తినేది. కూర్చున్నచోటు నుంచి లేస్తే ఆ రోజుకు భోజనం అయిపోయినట్టే.

ఆ వారంలోనే మా వంటామె సుఖడీ చేసింది. గోధుమపిండి నేతిలో వేయించి, బెల్లం పాకం కలిపి, పళ్లెంలో పోసి ముక్కలు కోస్తారు. గుజరాతీ ఇళ్లలో ఎవరిని లేపి అడిగినా అందులో ఉండేవి ఆ మూడే అని చెబుతారు. మా సుఖడీలో నాలుగోది ఉంది. క్యారెట్. తురిమి, తడి పోయేదాకా నేతిలో వేయించి, మిక్సీలో పొడిచేసి పిండిలో కలిపింది. బెల్లం రంగులో అది ఎవరికీ దొరకదు.

పిల్ల బడినుంచి వచ్చి రెండు ముక్కలు తిని, ఇంకోటి పట్టుకుని ఎదురింట్లోకి వెళ్లింది. నేను గమనించలేదు. కాసేపటికి వెలిగిపోతున్న ముఖంతో తిరిగొచ్చింది. "అమ్మా, బాకి సుఖడీ ఇచ్చాను. ముందు వద్దంది. ఏముంది అందులో అని అడిగింది. లోట్, ఘీ, గోళ్ అని చెప్పాను. నీ చేత్తో తెచ్చావు కాబట్టి ఇవాళ ముందు ఇదే తింటానంది." పిండి, నెయ్యి, బెల్లం. మాసీ వేళ్లు మడిచినట్టే మడిచి చూపించింది.

ఆమె చపాతీ పిండి చేతులతోనే లేచి వరండా దాటింది. వెనక నేను, నా వెనక పిల్ల.

బా కంచం ముందు కూర్చుని ఉంది. సుఖడీ ముక్క ఆవిడ చేతిలో ఉంది. నేను ఎంత వేగంగా ఆలోచించానంటే, గుమ్మం దాటేసరికి అబద్ధం తయారు. "బా, అది తినకండి. నెయ్యి పాడైపోయింది" అన్నాను హిందీలో. బా ముక్కను వాసన చూసింది. బాగానే ఉందే అంది. "బాగుంది బా, నేను రెండు తిన్నాను" అని మా అమ్మాయి వెనకనుంచి నన్ను అబద్ధాలకోరును చేసింది. బా నవ్వి, ముక్కను నోటిదాకా ఎత్తింది.

"బా, ఉస్‌మే గాజర్ హై."

ఆమె అన్నది అంతే, అందులో క్యారెట్ ఉందని. గొంతు పెంచలేదు కూడా. బా చెయ్యి ఆగిపోయింది. మెల్లగా ముక్కను కంచం బయట నేలమీద పెట్టి పిల్ల వైపు చూసింది. పిల్ల అబద్ధం చెప్పలేదు, దానికి తెలియదు, నేనే దానికి చెప్పలేదు అని ఆమె తన హిందీలో గబగబా చెప్పింది. నోట్లో పడకముందే చెప్పావు, అంతే చాలు అని బా మంచినీళ్లతో చెయ్యి కడుక్కుని తన పప్పు, రొట్టె దగ్గరికి లాక్కుంది. అక్కడితో బా సంగతి సర్దుకుంది.

మా అమ్మాయి ముఖం నాకింకా గుర్తుంది. ఏడవలేదు. మాసీ వైపు చూసింది, నా వైపు చూసింది. "రోజూ వేశారా?" అని అడిగింది. ఇంట్లోకి వెళ్లి మంచం కింద దూరింది.

ఇంటికొచ్చాక నా కోపమంతా ఆమె మీద కక్కేశాను. రెండు నిమిషాలు ఆగితే ఏదో చెప్పి ఆ ముక్క లాక్కునేదాన్ని కదా అన్నాను. ఇన్ని నెలల కష్టం ఒక్క మాటతో నాశనం చేశావన్నాను. పిల్లకు రేపు రక్తం ఎక్కించాల్సి వస్తే నువ్వొచ్చి పక్కన కూర్చుంటావా అన్నాను. ఆమె చేతికంటిన పిండి నలుపుకుంటూ విన్నది.

"నువ్వు చెప్పినవు గద అక్కా. బా నమ్మలే," అంది. "పోరి ఏమన్నదో ఇన్నవా? వేళ్లు గూడ నా లెక్కనే మడిచింది. నేను దానికి కూర దినిపియ్యాలనుకున్న. అబద్ధం చెప్పిపియ్యాలనుకోలే."

"రేపటినుంచి రావద్దు" అన్నాను.

ఆమె చేతులు కడుక్కుని, సగం కలిపిన చపాతీ పిండి మీద తడిగుడ్డ కప్పి వెళ్లిపోయింది.

తర్వాతి రెండు రోజులూ నా శత్రువుకు కూడా వద్దు. పిల్ల ఇంట్లో వండింది ఏదీ ముట్టలేదు. తన కళ్లముందు ప్యాకెట్ చింపిన బిస్కెట్లు తప్ప ఏమీ తినలేదు. పాలు ఇస్తే, ఇందులో ఏముంది అంది. పాలే అన్నాను. ఇంకా అంది. ఇంకేమీ లేదన్నాను. గ్లాసు అక్కడే పెట్టేసింది. నిజంగా పాలే. నేను నిజం చెబితే నా కూతురు నమ్మని పరిస్థితి తెచ్చుకున్నానని అప్పుడు తెలిసింది. దీపావళి ఇంక రెండు నెలలుంది.

మూడోరోజు పర్యుషణ్ ఆఖరి రోజు. ఆ రోజు వాళ్లు ఇంటింటికీ వెళ్లి చేతులు జోడించి, మిచ్ఛామి దుక్కడం అంటారు. తెలిసో తెలియకో మిమ్మల్ని నొప్పించి ఉంటే మన్నించమని. బా మా గుమ్మంలోకి వచ్చి నాకు చేతులు జోడించింది. తర్వాత మోకాళ్లమీద చేతులు ఆనించి వంగి, మా అమ్మాయికి కూడా జోడించింది.

"నువ్వేం చేశావు బా?" అంది పిల్ల.

నువ్వు ప్రేమగా తెచ్చింది నేలమీద పెట్టేశాను కదా, నీకు కష్టం కలిగి ఉంటుంది అంది బా. పిల్ల చాలాసేపు ఆలోచించి తల ఊపింది. బా వెళ్లిపోయాక నన్ను అడిగింది, "మాసీ రాదా?"

నేను చెప్పులేసుకున్నాను. పిల్లను తీసుకుని ఆటో ఎక్కాను. తర్వాతి కథ ఇప్పుడే చెప్పేస్తే మీరూ నిమ్మళంగా ఉంటారు: దీపావళికి డాక్టరు రక్తం ఎక్కించే అవసరం లేదన్నాడు. కానీ నాకు ఆ రోజుకన్నా ఆమె ఇంటికి వెళ్లిన ఈ రోజే బాగా గుర్తు.

డిండోలిలో ఆమెది ఒకటే గది. నేలమీద చీర పరుచుకుని తళుకులు అతికిస్తోంది. మమ్మల్ని చూసి చీర మడిచి పక్కన పెట్టింది. కూర్చోమని చాప వేసింది. నేను నిలబడే, "తప్పయింది అక్కా" అన్నాను.

"నాకెందుకు చెప్తున్నవు," అని ఆమె పిల్ల ముందు కూర్చుంది. "బిడ్డ, నీకు చెప్పకుండ ఏసిన. తప్పే. మాఫ్ జేస్తవా?"

"ఇంకెప్పుడూ వెయ్యవా?" అంది పిల్ల.

"ఏస్త."

నేను కళ్లు మూసుకున్నాను.

"ఏస్త గని చెప్పి ఏస్త. నువ్వెంత అంటె గంతే ఏస్త."

పిల్ల చూపుడువేలు చాపి, బొటనవేలితో దాని కొస చూపించింది. ఇంత. ఆమె లేచి బుట్టలోంచి ఒక క్యారెట్ తీసి, పిల్ల వేలి పక్కన పెట్టి కొలిచి, అంత ముక్కే కోసింది. గోరంత ముక్క. దాన్ని పిల్ల కళ్లముందే తురిమింది. పొయ్యి వెలిగించి పిండి వేయించడం మొదలుపెట్టింది. పిల్ల గట్టు పక్కన మునివేళ్ల మీద నిలబడి మూకుట్లోకి చూస్తోంది. ఆ గోరంత తురుముతో దానికి ఏం ఒరుగుతుందని నాకు ప్రాణం ఉసూరుమంది. పిల్ల వెనక నిలబడి, మిగతా క్యారెట్ కూడా వేసెయ్యమని ఆమెకు సైగ చేశాను. చూడండి నా బుద్ధి. అయిదు నిమిషాల క్రితం తప్పయిందన్న మనిషిని.

ఆమె నా సైగ చూసింది. కలుపుతున్న గరిటె ఆపి, పిల్లతో అంది:

"బిడ్డ, మీ అమ్మ ఇంకింత ఎయ్యమంటున్నది. ఎయ్యాల్నా?"

పిల్ల వెనక్కి తిరిగింది. చెయ్యి గాలిలో ఉండగానే దొరికిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. పిల్ల నన్ను పైనుంచి కిందిదాకా చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగి, "వెయ్యి. కానీ అమ్మ కూడా తినాలి" అంది.

ఆమె నవ్వింది. మిగతా క్యారెట్ అంతా తురిమింది. ఈసారి పొడి చెయ్యలేదు. పళ్లెంలో పోశాక ఎర్రటి పోగులు పైకి స్పష్టంగా కనిపిస్తున్నాయి. వేడి తగ్గేదాకా ముగ్గురం చాపమీద కూర్చున్నాం. ముక్కలు కోసి మొదట నాకిచ్చింది. నేను తిన్నాను. పిల్ల నా నోరు కదలడం చూసింది, మింగానో లేదో కూడా చూసింది. అప్పుడు తన ముక్క తీసుకుంది. ఒక పోగును గోటితో పైకి లాగి, ఒక్కదాన్నే నాలుకమీద పెట్టుకుంది. ముఖం చిట్లించింది.

"గాజర్ బాగాలేదు" అంది.

పిల్ల కాసేపు నమిలి మింగింది. మిగతా ముక్కంతా నోట్లో పెట్టుకుంది. నోరు ఖాళీ కాకముందే ఇంకో ముక్క కోసం పళ్లెం తన వైపు లాక్కుంది.

నేను లేచి ఆ గది బయట మెట్లమీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా లెక్కచెయ్యకుండా ఏడ్చాను. అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.